భూమి కింద చుక్కలు

మొన్న పక్కింటి తలుపులకు రంగు వేస్తుంటే, టర్పెంటైన్ వాసనకు మునెప్ప మామ గుర్తొచ్చినాడు. మారికుప్పంలో బంగారు గని పనోళ్ల లైన్ ఇండ్లలో మా పక్కిల్లే ఆయనది. కాలు కుంటిదని గనిలో పని ఇయ్యలేదు. బంగారం తీసినాక మిగిలిన గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బలను చెక్క పలకల మీద రంగులతో గీసేవాడు. ఎవరూ కొనేవాళ్లు కాదు.

నా చిన్నప్పుడు ఒకసారి గని లోపలి బొమ్మ వేసినాడు. సొరంగం పైన రాయికి బదులు ఆకాశంలో మాదిరి చుక్కలు, కింద కంకులేసిన రాగుల చేను. చూసినోళ్లంతా పగలబడి నవ్వినారు.

"కిందికి దిగనోనికి ఏం తెలుసప్పా!"

మామకు రోషమొచ్చి, బొమ్మ మీద సున్నం పూసేదానికి లేచినాడు. నాకు ఏడుపొచ్చింది. మా నాయన రోజూ పొయ్యేది అక్కడికేనని నమ్మినాను మరి. షిఫ్టు దిగి వస్తున్న నాయనను చెయ్యి పట్టి లాక్కొచ్చినాను.

"నాయనా, కింద చుక్కలు ఉండాయా?"

నాయన బొమ్మను చానాసేపు చూసినాడు.

"పూయొద్దు మునెప్పా. దీపం ఆరిపోయినప్పుడు నాకు కనబడేది ఇదే."

గనిలో చుక్కలుంటాయని పెండ్లయ్యేదాకా నమ్మినాను. అది చీకట్లో భయపడిన మనిషి మాటని నాకు తెలిసేసరికి నాయన లేడు. మామకు మాత్రం అప్పుడే తెలిసింది. ఇంగేమీ అడక్కుండా కుంచె తీసుకొని, ఆ చేను గట్టు మీద మా నాయనను కూచోబెట్టినాడు.