పూజలో పెట్టని చెంచా

ఆ కారు వయసెంతని ఎవరైనా అడిగితే మా వారు మాట మార్చేవారు. క్యాంపస్ వదిలి వెళ్ళిపోతున్న ఒక ప్రొఫెసరు గారి దగ్గర కొన్నారు దాన్ని. కొనడానికి కారణం మా పాప. పుట్టిన దగ్గర్నుంచీ మబ్బు పడితే చాలు, ఆ పిల్ల గొంతులో పిల్లికూతలు మొదలయ్యేవి. పిల్లల డాక్టరు ఉండేది మెట్టుగూడ దాటాక, సికింద్రాబాదులో. మా క్వార్టర్స్ నుంచి తార్నాక చౌరస్తా దాకా నడిస్తే గానీ రిక్షా దొరకదు, వానలో అక్కడా దొరకదు. పిల్ల తడవకుండా డాక్టరు దగ్గరికి చేరాలని కారు కొన్నాం. కొన్నాక మొదటి వానలోనే తెలిసింది, బయట ఆగిపోయిన వాన కూడా ఆ కారులో ఇంకాసేపు కురుస్తుందని.

తప్పంతా వెనక సీటు పక్కనున్న ఒక కిటికీది. తెరుచుకునే కిటికీ కాదు, అద్దం బిగించి ఉంటుంది. దాని చుట్టూ ఉన్న రబ్బరు ఎండి పగిలిపోయి, వేలు పెడితే నల్లగా పొడి రాలేది. ఆ పగుళ్ళలోంచి నీళ్ళు సరిగ్గా నేను పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చునే చోటికే కారేవి.

"కొంచెం అటు జరుగరాదు?" అన్నారు మా వారు ముందు సీట్లోంచి. అటుపక్క సీట్లోంచి స్ప్రింగు బయటికొచ్చి ఉంది. ఆ సంగతి ముందు సీట్లోకి కనిపించదు.

మెకానిక్కుకు చూపిద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. యూనివర్సిటీలో ఫిజిక్సు చెప్పే మనిషి. "రబ్బరు, అద్దం, రేకు. ఉన్నయే మూడు. దీనికి మెకానిక్కెందుకు?" అన్నారు. రాణీగంజ్ వెళ్ళి కొత్త రబ్బరు పట్టీ తెచ్చారు. గ్రాఫు కాగితం మీద కిటికీ బొమ్మ వేశారు. రబ్బరు అంచును రేకు మీదికి లాగడానికి పట్టీ గాడిలో ఒక దారం పెట్టాలని, దాన్ని లోపలి నుంచి లాగుతుంటే బయటి నుంచి అద్దాన్ని నొక్కాలని, బాణం గుర్తులతో సహా గీశారు. ఎంత బాగా వచ్చిందో ఆ బొమ్మ! వానాకాలమంతా దాన్ని గోడకు అంటించి చూసుకున్నాం. దసరా సెలవులు వస్తే గానీ ఆయనకు పని మొదలుపెట్టే తీరిక దొరకలేదు.

ఈలోగా పండక్కని మా అత్తమ్మ ఊరి నుంచి వచ్చారు. నవమికి ముందురోజు సాయంత్రం ఆయన అద్దం ఊడదీశారు. పాత రబ్బరంతా స్క్రూడ్రైవరుతో గీకి, కొత్తది అద్దం చుట్టూ తొడిగారు. అంతవరకూ బాగానే జరిగింది. దాన్ని మళ్ళీ కిటికీలో కూర్చోబెట్టడమే కుదరలేదు. బయటి నుంచి నొక్కి, పరుగున వెళ్ళి లోపలి నుంచి దారం లాగేవారు. ఆయన లోపలికి వెళ్ళేసరికి అద్దం బయటికి వచ్చేది. ఆ బొమ్మలో లాగే చెయ్యి, నొక్కే చెయ్యి రెండూ ఉన్నాయి కానీ అవి ఇద్దరు మనుషులవని రాయలేదు. నేను వస్తానన్నాను. "నువ్వు పిల్లను చూసుకో" అన్నారు. చీకటి పడ్డాక అద్దాన్ని డైనింగ్ టేబుల్ మీద పడుకోబెట్టి, "రేపు పొద్దున చిటికెల అయిపోతది" అని నిద్రపోయారు.

పొద్దున లేచి చూస్తే స్క్రూడ్రైవరు లేదు. పట్టకారు లేదు. నా కూరగాయల కత్తి, కత్తెర, ఆయన లెక్కలు కట్టుకునే స్లైడ్ రూలు, చివరికి నా పెన్ను కూడా లేదు. అన్నీ పూజ గదిలో పీట మీద వరసగా, పసుపు కుంకుమలతో, బంతిపూల కింద ఉన్నాయి.

"ముట్టద్దు కొడుకా," అన్నారు అత్తమ్మ. "నవమినాడు పూజల పెట్టినయి రేపు జమ్మికి పోయొచ్చిందాక కదపద్దు. మీ నాయిన నాగలి ముట్టిండా ఎన్నడన్న?"

"అవ్వా, కారుకు అద్దం లేదే!"

"లేకుంటే ఏమాయె? నిన్న తీసినోడివి నిన్ననే పెట్టకపోతివి."

ఏడాది పొడుగునా మూఢనమ్మకాల మీద కుర్రాళ్ళకు ఉపన్యాసాలిచ్చే మనిషి, ఇప్పుడేం చెబుతారా అని చూశాను. "పోనీలే, ముసలామె మనసు కష్టపెట్టుడెందుకు?" అని పేపరు తీసుకున్నారు. ఆచారాల మీద అంత గౌరవం ఆయన ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. ఆ అద్దాన్ని మళ్ళీ ముట్టుకోవలసిన అవసరం తప్పినవాడి హాయి అది.

నేను మాత్రం మబ్బులు చూస్తూ కూర్చున్నాను. నా దగ్గర పిల్లల పెంపకం మీద ఒక ఇంగ్లీషు పుస్తకం ఉండేది. తల్లి కంగారుపడితే బిడ్డకు మంచిది కాదని అందులో రాసి ఉంది. అది చదివిన దగ్గర్నుంచి నేను కంగారుపడుతున్నందుకు కూడా కంగారుపడేదాన్ని.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వాన మొదలైంది. వానతోపాటే పాప గొంతులో కూత. మందు పోశాను. ఆవిరి పట్టాను. తగ్గలేదు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల మధ్య గుంటలు పడుతున్నాయి. అవి కనబడితే ఆగకుండా తీసుకురమ్మని డాక్టరు ఎప్పుడో చెప్పి ఉన్నారు.

"పదండి," అన్నాను.

ఆయన కిటికీ కంతను, వానను చూశారు. "కారు లోపల గొడుగు పట్టుకుంటే?" అన్నారు.

"గొడుగా? అది నువ్వు పట్టుకో, నేను నడుపుత," అన్నాను. పెళ్ళయ్యాక ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. నాకు కారు నడపడం రాదు కూడా.

అత్తమ్మ పిల్లను తన ఒళ్ళోకి తీసుకుని వీపు నిమురుతున్నారు. "బండి తియ్యొచ్చా అవ్వా?" అని ఆయన తల్లిని అడిగారు.

"దానికి పూజ ఎక్కడ చేసిన? కంతబడ్డ బండికి బొట్టు ఎట్ల పెడ్తరు? తియ్యి, ఏం కాదు."

అలా అద్దం లేకపోవడం వల్లే కారుకు కదిలే హక్కు దక్కింది. ఇక అద్దానికే దారి వెతకాలి. రేకుల పందిరి కింద నిలిపిన కారు దగ్గరికి టేబుల్ మీది అద్దాన్ని తెచ్చాం. దారం పనిముట్టు కాదని తీర్పు వచ్చింది. బట్టలుతికే సబ్బు నీళ్ళూ కాదు. రబ్బరుకు, రేకుకు సబ్బు నీళ్ళు రాసి, గాడి చుట్టూ దారం పెట్టి, కొసలు లోపలికి వదిలాం. నేను వెనక సీట్లో ఆ కిటికీ పక్కనే కూర్చుని దారం పట్టుకున్నాను. ఆయన బయటి నుంచి రెండు అరచేతులతో నొక్కారు.

"లాగు! మెల్లగ, మెల్లగ!"

"మీరు నొక్కండి ముందు!"

దారం వస్తున్నకొద్దీ రబ్బరు అంచు రేకు మీదికి ఎక్కుతోంది. బొమ్మలో గీసినట్టే. ఒక్క మూల దగ్గర మాత్రం మడత పడి లోపలే ఇరుక్కుంది. వేలు పట్టదు, గోరు విరిగింది.

"స్క్రూడ్రైవరు," అన్నారాయన అలవాటుగా, చెయ్యి చాపి.

ఇద్దరం వరండాలో పిల్లనెత్తుకుని నిలబడ్డ అత్తమ్మ వైపు చూశాం. అత్తమ్మ పిల్ల ముఖం చూశారు. తర్వాత పూజ గది వైపు చూశారు. "గరిటె?" అన్నాను నేను.

"గరిటెకు బొట్టు పెట్టిన."

"అట్లకాడ?"

"దానిక్కూడ పెట్టిన." ఒక్క క్షణం ఆగి, "గా మందు చెంచా ఏడున్నది? దానికి పెట్టలె. నీ కొంగుల ఉండె గద, నాకు దొరకలె," అన్నారు.

మందు చెంచా నిజంగానే నా కొంగు ముడిలో ఉంది. పాపకు కూత మొదలైతే వెతుక్కోవడమెందుకని మబ్బు పట్టిన రోజుల్లో దాన్ని అక్కడే ఉంచుకునేదాన్ని. నా కంగారును ఇంటిల్లిపాదీ ఆటపట్టించే వస్తువు అది. దాని కాడను మడత కిందికి దూర్చి ఎత్తాను. అంచు టప్పున బయటికొచ్చి రేకు మీద కూర్చుంది.

తార్నాక దాటేసరికి వాన ఇంకా పెద్దదైంది. అత్తమ్మ నా పక్కన కిటికీ వైపు కూర్చుని, మెట్టుగూడ దాకా కొత్త రబ్బరు మీద వేలు జరుపుతూనే ఉన్నారు. "చుక్క లేదు బిడ్డా," అని చెబుతూనే ఉన్నారు. ఆ కిటికీలోంచి నిజంగానే చుక్క రాలేదు. నీళ్ళు ఇప్పుడు ముందు కిటికీలోంచి, ఆయన భేషుగ్గా ఉందని వదిలేసిన రబ్బరులోంచి ఆయన భుజం మీద పడుతున్నాయి. కొంచెం అటు జరగమని నేను అనలేదు.

డాక్టరు పిల్లకు సూది వేసి, తన గదిలోనే కాసేపు కూర్చోబెట్టి, పక్కటెముకల గుంటలు పూడాక ఇంటికి పొమ్మన్నారు. "ఒంటి మీద తడి లేకుండ తెచ్చిన్రు, మంచిదైంది," అన్నారు. ఆ మాట డాక్టరు ఎవరితో అన్నారో తెలియదు గానీ ముగ్గురం మనసులో ఎవరికి వాళ్ళమే తీసుకున్నాం.

మరుసటి దసరాకు అత్తమ్మ పీట మీద అన్నిటికంటే ముందు ఆ మందు చెంచా పెట్టి, పెద్ద బొట్టు పెట్టారు. స్క్రూడ్రైవరు దాని పక్కన చిన్నబోయి పడుకుంది. రేపటిదాకా ఆ చెంచాను ముట్టడానికి వీల్లేదు. బయట మబ్బు పట్టి ఉంది. నేనేమీ కంగారుపడలేదు. వారం ముందే ఇంకో చెంచా కొని, ఎవరికీ చెప్పకుండా కొంగున ముడేసుకున్నాను.