డాలీగంజ్ బస్సెక్కి కార్గిల్ దాకా

సెలవులకు విశాఖ నుంచి సముద్రం దాటి, ఈ దీవిలో షాదీపూర్‌లో ఉండే పిన్ని ఇంటికి వచ్చిన మూడో రోజున ఆవిడ నాకొక పని అప్పగించింది. డాలీగంజ్‌లో ఉండే అప్పారావుగారు సైన్యంలో హెలికాప్టర్ మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. కార్గిల్ యుద్ధంలో తమ దళం చేసిన పని మీద పుస్తకం వేస్తున్నామని, జ్ఞాపకాలు పంపమని పాత సహచరులు అడిగారట. ఆయన తెలుగులో రాసుకున్నారు. కూతురు కవిత ఇక్కడే పుట్టింది; తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. ఎవరైనా ఆ రాతను చక్కదిద్ది చదివిపెడితే ఆమె హిందీలోకి మార్చి పంపుతుంది. గడువు ఆ సాయంత్రమే. ఈమధ్యే అందమైన మాటలు రాసే పిచ్చి పట్టినదాన్ని, ఎగిరి గంతేశాను.

ఉదయం ఎనిమిదింటికి అబర్డీన్ బజారు దాకా నడిచి బస్సెక్కాను. టికెట్టు ఇరవై రూపాయల లోపే. ఆటోలకు మీటరుండదు కాబట్టి ఎక్కే ముందే బేరమాడుకోవాలి. కండక్టరు తెలుగువాడే. "డాలీగంజ్‌లో ఎవరింటికి దీదీ?" అన్నాడు. చెప్పాను. "హెలికాప్టర్ అంకులా! చౌక్ దాటాక దిగండి. మూడు టీలు తాగించందే వదలడు, సోచ్‌కే, ఆలోచించుకునే వెళ్ళండి."

ఆయన నోటుబుక్కులో ఉన్నవి నాలుగు పేజీలే. వరండాలో కూర్చుని గంటలో తిరగరాసి, గొంతు సవరించుకుని తండ్రీకూతుళ్ళకు చదివాను. "గరుత్మంతుడిలా దూసుకెళ్ళి మృత్యువు కోరల నుంచి..."

అప్పారావుగారు పకపకా నవ్వారు. "గరుత్మంతుడేటమ్మా? మా పైలట్ సాబ్ వింటే నవ్వి సచ్చిపోతాడు." అంతలోనే నవ్వు ఆగింది. "అవును గానీ, ఆ రోజు ఆలస్యమైందని రాసినాను. ఆ ముక్కేది?"

"తీసేశానండి. అక్కడ కథ నడక కుంటుపడుతోందని..."

ఆయన తన నోటుబుక్కు తీసుకుని ఆ పేజీ తిప్పారు. తర్వాత మెల్లగా చెప్పారు. హెలికాప్టర్ ఎగిరే ముందు పనిముట్లన్నీ సరిచూసుకోవాలి. పెట్టెలో ప్రతిదానికీ దాని ఆకారంలోనే గుంట ఉంటుంది. ఒక్క గుంట ఖాళీగా కనిపించినా హెలికాప్టర్ కదలకూడదు. ఆ పనిముట్టు లోపలెక్కడో ఇరుక్కుని ఉంటే గాలిలో ప్రాణాలు పోతాయి. ఆ రోజు కొండ మీద గాయపడిన జవాన్లిద్దరు ఎదురుచూస్తున్నారు. పైలట్ ఎక్కి కూర్చున్నాడు. పెట్టెలో ఒక స్పానర్ లేదు.

"సెప్పకపోతే ఎవులికీ తెలీదు. నేనే సెయ్యెత్తి రుకో అన్నాను. అరగంట ఎతికినాం. ఒకటే గాలీలు, తిట్లు."

"దొరికిందా?"

"నా కోటు లోపలి జేబులోనే! ఆ సలికి ఇనుము ముట్టుకుంటే సెయ్యి అతుక్కుపోద్ది. సముద్రం ఒడ్డు మనిషిని కదా, ఎచ్చబడతాదని గుండెకాడ ఎట్టుకుని మర్సిపోనాను."

నాకు నవ్వొచ్చింది. ఆయన ముఖం చూసి ఆపుకున్నాను. జవాన్లిద్దరూ ప్రాణాలతో దిగారు. ఒకరికి పాదం తీసేయాల్సి వచ్చింది. ఆలస్యం వల్ల కాదని డాక్టరు చెప్పినా ఆయన మనసు ఇన్నేళ్ళూ ఒప్పుకోలేదు.

"ఇది రాస్తే దళం పరువు పోద్దేమో బేటా?" అని కూతుర్ని అడిగారు.

"ఎందుకు పోతుంది నాన్నా? చెయ్యెత్తింది నువ్వే కదా. యహీ భేజేంగే, ఇదే పంపుదాం," అంది కవిత.

గరుత్మంతుణ్ణి కొట్టేసి, ఆయన చెప్పింది చెప్పినట్టే రాశాను. నేను చదువుతుంటే కవిత హిందీలో టైపు చేసింది. మూడున్నరకు ఆయనే ఫోన్ తీసుకుని తన వేలితో నొక్కి పంపారు. వెంటనే అన్నం పెట్టమన్నారు. ఆయన పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది.

తిరుగు బస్సులో నా నోటుబుక్కు తెరిచాను. అందంగా లేదని నేను తీసేసిన ఆ ఒక్క వాక్యాన్నే ఆ పెద్దమనిషి ఇన్నేళ్ళుగా మోస్తున్నారు. ఇకముందు ఇంకా బాగా రాయగలనని ఆ దారిలో గట్టిగా అనిపించింది. కొట్టేయడానికి మాత్రం తొందరపడను.

మీరూ ఇలా ఎవరి జ్ఞాపకాలైనా వినడానికి వెళ్తే ఉదయాన్నే బయల్దేరండి, ఇక్కడ చీకటి తొందరగా పడుతుంది. రాసుకున్నదంతా లేచే ముందు వాళ్ళకే చదివి వినిపించండి.