ఇన్‌సైట్ అన్న మాట

మా ముత్తాత మూడు ఊళ్ళకు మునసబు. మా తాత వచ్చి మట్టి నలిపి చూసి సరేననే దాకా చుట్టుపక్కల ఎవరూ మిరప నారు నాటేవారు కాదు. మా నాన్న సర్పంచిగా చేశారు. నా చేతికి వచ్చేసరికి నాలుగెకరాల నల్లరేగడి మిగిలింది. దాన్నైనా నిలబెట్టాలనుకున్నాను.

ఒకసారి ఒక శాస్త్రవేత్త నాన్న తోట చూసి, మీకు మంచి ఇన్‌సైట్ ఉందని మెచ్చుకున్నాడు. ఆయన వెళ్ళాక నాన్న దాని అర్థం అడిగారు. నిఘంటువు చూసి, లోతైన అవగాహన అని చెప్పాను.

"తెలియడమంటే అదేగా. పైపైన తెలిస్తే తెలిసినట్టెట్లా?" అని ఆయన తోటలోకి వెళ్ళిపోయారు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

నేను వదల్లేదు. మిరప విషయంలో మా వంశానికి ఇన్‌సైట్ ఉందని ఎరువుల కొట్టు దగ్గర చాలాసార్లు చెప్పాను.

నల్ల తామర పురుగు వచ్చిన ఏడాది, ఆకులు ముడుచుకుంటుంటే, ఏటా వచ్చే ముడతేననుకుని మందు తెప్పించాను. నాన్న కాలం నుంచీ మా తోటలో పనిచేసే ఆవిడ కలుపు తీస్తూ లేచి నిలబడింది.

"ఆకు కాదు బాబుగారూ, పూలు చూడండి. పురుగంతా పూలల్లోనే ఉంది."

"మిరప గురించి నువ్వు నాకు చెప్తావా?"

"చెప్పట్లేదండి. చూడమంటన్నా."

ఒక పువ్వును అరచేతిలో దులిపి చెయ్యి చాపింది. పదిమంది కూలీల ముందు ఆ చేతిలోకి వంగి చూడడానికి నా నడుము ఒప్పుకోలేదు. తెచ్చిన మందే కొట్టించాను.

రెండు వారాలకు చెట్ల కింద నేలంతా పూలే. ఎవరూ లేనప్పుడు ఒక పువ్వు కోసి నా అరచేతిలో దులుపుకున్నాను. నూకలో నూకంత నల్ల పురుగులు, పాకుతున్నాయి. అప్పటికే నిలిచిన కొద్దిపాటి కాయలూ వంకర్లు తిరిగాయి. ఆవిడ ఆ తర్వాత కూడా పనికి వచ్చింది.

ఇన్‌సైట్ అన్న మాట ఎలా వాడాలో నిఘంటువులో నేను సరిగా చూడలేదేమో. అది ఒకరి పని చూసి మరొకరు అనాల్సిన మాట. నాన్న గురించి అన్నవాడు బయటివాడు. నా గురించి అన్నది నేనొక్కణ్ణే. ఆవిడ గురించి ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. ఇప్పుడు అన్నా పొలం తిరిగి రాదు.

చెట్లు పీకించి దున్నించాను. ఆ వేసవిలో, పంట మీద చేసిన అప్పు తీర్చడానికి, నాలుగెకరాలూ కోల్డ్ స్టోరేజీ కట్టేవాళ్ళకు రిజిస్ట్రీ చేశాను.