మెడ వంచితేనే వినపడే మాటలు

ఆ రోజుల్లో ఒక మనిషి గొంతు వినాలంటే కొంచెం కష్టపడాల్సి వచ్చేది. మరీ పూర్వకాలం సంగతి కాదు లెండి, అందరి చేతుల్లోకీ టచ్ ఫోన్లు వచ్చేసిన రోజులే. ఇప్పుడైతే వేరుశనగ గింజంత వస్తువు చెవిలో పెట్టుకుంటే చాలు, తీగ లేదు, చిక్కు లేదు, అన్నీ ఇంచక్కా వినపడతాయి. అప్పట్లో నా దగ్గరున్న ఇయర్‌ఫోన్స్‌లో మాట వినపడాలంటే మాత్రం తల ఎడమ భుజం మీదికి వాల్చి, గడ్డం కాస్త పైకెత్తి, తీగని బొటనవేలితో నొక్కిపట్టి కూర్చోవాలి. గుడివాడ నుంచి బందరు దాకా పాసింజరు రైల్లో రోజూ అలాగే కూర్చుని వెళ్లేవాణ్ణి. ఆ మెడనొప్పి ఇప్పుడు లేదు. లేనందుకు సంతోషించాలి గానీ, ఏమిటో, ఒక్కోసారి దానిమీద బెంగ పెట్టుకుంటాను.

నేను బందరు పక్కనే చిలకలపూడిలో ఒక రోల్డ్ గోల్డ్ నగల దుకాణంలో లెక్కలు చూసేవాణ్ణి. నాగాయలంక అమ్మాయితో నిశ్చితార్థం అయింది. తాంబూలాలు పుచ్చుకున్నామో లేదో మూఢం వచ్చిపడింది, దాని వెనకాలే ఆషాఢం. శ్రావణం దాకా ముహూర్తాలు లేవన్నారు. (పెళ్లికొడుకుల ఉసురు పోసుకోవడానికే ఈ రెంటినీ పక్కపక్కన పెట్టినట్టుంది ఆ ఏడాది.) ఆ పైన వాళ్ల నాయనమ్మ ఇంకో ఆజ్ఞ జారీ చేసింది. మూఢంలో పెళ్లికూతురు పెళ్లికొడుకుతో మాట్లాడకూడదట, ఫోన్లో కూడా. మా ఇంట్లో ఎవరూ వినని నియమం అది. కానీ నాగాయలంకలో ఆవిడ మాటకి ఎదురు లేదు.

అమ్మాయి ఆ ఊళ్లోనే ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. నిశ్చితార్థంనాడు అందరూ ఉంగరాలు చూసుకుంటున్న సందడిలో నా చేతిలో చిన్న డబ్బా పెట్టింది, తన జీతంతో కొన్న ఇయర్‌ఫోన్స్. ఎందుకో మర్నాటికి గాని అర్థం కాలేదు. మర్నాడు వాట్సాప్‌లో ఆమె గొంతు వచ్చింది. "మాట్లాడకూడదన్నారు కదండీ. మాట్లాడటమంటే ఇద్దరూ మాట్లాడాలి. నేనొక్కదాన్నే చెప్పుకుంటున్నాను, మీరు వింటున్నారంతే. ఇది మాట్లాడటం కిందికి రాదు. ఎవరికీ చెప్పకండేం." నాయనమ్మ చట్టంలో అంత పెద్ద కన్నం ఉందని నాకు తట్టనే లేదు.

ఇక రోజూ ఉదయం రైలెక్కేసరికి ఆ గొంతు సిద్ధంగా ఉండేది. గొప్ప విషయాలేమీ కావు. రొయ్యల చెరువులో గాలి కొట్టే ఏరేటర్లు ఆగిపోతే వాళ్ల నాన్న కంచం ముందునుంచి లేచి పరిగెత్తడం, మూడో తరగతి పిల్లాడొకడు హోంవర్కు మేక తినేసిందని చెబితే నిజంగానే ఆ మేకని చూడ్డానికి వెళ్లడం, ఇలాంటివే. మాట మధ్యలో నవ్వొస్తే ఆపుకోవడానికి గొంతు సవరించుకునేది. ఆ సవరింపు కోసం ఒక్కో కబురు వెనక్కి జరిపి మళ్లీ మళ్లీ వినేవాణ్ణి. ఫోన్లో చోటు చాలక ఉన్న పాటలన్నీ తీసిపారేశాను. నాలుగడుగుల్లో ఉన్నట్టు వినపడే మనిషి, రెండు బస్సులు మారితే గాని అందనంత దూరంలో ఉండేది.

ఇంతలో ఒకరోజు కౌతరం దాటాక వాన మొదలైంది. ఎదురు సీటాయన కిటికీ ఇనప రెక్క దభాలున దించాడు. నా తీగ దానికింద పడి నలిగింది. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది చెప్పానుగా, మెడ వంచితేనే. కొత్తవి కొనుక్కోవచ్చు కదా అంటారు. కొన్నాను. అందులో ఆమె గొంతు ఎవరో బ్యాంకు ఉద్యోగిని మాట్లాడుతున్నట్టుంది. మా దుకాణంలో అతుకులు వేసే బాబాయికి ఇచ్చి చూశాను, ఆయన తీగ సంగతి వదిలేసి ఫోన్లోకి గుచ్చే పుల్లకి శ్రద్ధగా బంగారు పూత పూసి ఇచ్చాడు. దాంతో అది మెరవడం మొదలుపెట్టింది గాని మోగడం మొదలుపెట్టలేదు. సరే, మెడ నాదే కదా అని వంచడానికే సిద్ధపడ్డాను. కొన్నాళ్లకి రైల్లో జనం జాలిపడటం కూడా అలవాటైపోయింది. పెడనలో ఎక్కే పిన్నిగారైతే నన్ను చూడగానే మా మరిదికీ ఇలాగే ఉండేదని మొదలుపెట్టేది.

అలాంటి ఒక ఉదయం అమ్మాయి మేనమామ అదే పెట్టెలో ఎక్కాడట. నన్ను పలకరించబోయి ఆగిపోయాడట. కళ్లు మూసుకుని, మెడ పక్కకి వాల్చి, నాలో నేను నవ్వుకుంటూ మధ్యమధ్య "ఊఁ" కొడుతున్నానట. బందరు దాకా దూరంనుంచే చూసి, పిన్నిగారి దగ్గర వాకబు చేసి (ఆవిడ చాన్నాళ్లుగా ఇంతేనని ధ్రువీకరించింది), తిన్నగా నాగాయలంక వెళ్లి చెప్పేశాడు. మర్నాడు నాకొచ్చిన కబురులో గొంతు వణుకుతోంది. "మీకు మెడ వంకర అంటున్నాడు మావయ్య. నిశ్చితార్థంనాడు దండల్లో కనపడలేదంట. బుర్ర కూడా సరిగ్గా లేదేమోనంటున్నాడు. నాన్న ఆదివారం చూడ్డానికొస్తున్నారు. సంబంధం వద్దనేస్తారేమోనని భయంగా ఉందండీ. మీ మెడ బానే ఉంది కదూ?" నా మెడ వంకరన్న మాట కూడా నేను మెడ వంచే వినాల్సి వచ్చింది.

ఆదివారం వాళ్లు నా మెడ చూడ్డానికొస్తున్నారని ఇంట్లో చెబితే అమ్మ కంగారుపడి పక్కింటి మాస్టారిని పిలుచుకొచ్చింది. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. బాగున్న మెడని ఇంకా బాగుచేస్తానని నువ్వులనూనె రాసి, నిటారుగా ఉండాలంటూ అటూ ఇటూ లాగాడు. ఆదివారం పొద్దున్న లేచేసరికి మెడ పట్టేసింది. అదీ సరిగ్గా ఎడమవైపుకే. అలా వంగిన మెడతోనే గుమ్మంలో నిలబడి కాబోయే మామగారికి నమస్కారం పెట్టాను. ఆయన మంచి రైతు, మితభాషి. చేతిలోని పీతల బుట్ట కింద పెట్టడం మరిచిపోయి నన్నే చూస్తూ నిలబడ్డారు. మేనమామ మాత్రం ఆయన మోచేయి గోకి, "చెప్పానా బావా" అన్నాడు.

"ఎన్నాళ్లనుంచి బాబూ ఇది?" అన్నారు మామగారు కుర్చీలో కూర్చున్నాక.

"ఇవాళ పొద్దుట్నుంచేనండి" అన్నాను. ఎవరూ నమ్మలేదు. నేనైనా నమ్మేవాణ్ణి కాదు.

"మరి రైల్లో?"

"రైల్లోది వేరేనండి. ఇయర్‌ఫోన్స్ పాడైతే వంచానండి. పాటలు వింటూ..."

"ఏదీ, ఆ పాటేదో మా బావకీ వినిపించు" అన్నాడు మేనమామ.

తెచ్చాను. మామగారు ఎడమ చెవిలో పెట్టుకుని నా వంక చూశారు. ఫోన్లో పాటలుంటే కదా. ఉన్నవన్నీ ఆయన కూతురి మాటలు. చూపిస్తే ఆమె నాయనమ్మ మాట దాటిన సంగతి బయటపడుతుంది, ఎవరికీ చెప్పొద్దన్నది. చూపించకపోతే సంబంధం పోతుంది, ఆ గొంతు ఇక నాకు రాదు. అమ్మ వంటింటి తలుపు దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. నేను కళ్లు మూసుకుని ఏదో ఒకటి నొక్కేశాను.

"ఏం వినపడట్లేదే" అన్నారాయన.

"తల ఎడమ పక్కకి వంచాలండి. గడ్డం కొంచెం పైకి."

ఆయన వంచారు. ముందు కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత ముడి వదిలింది. తర్వాత ఆయన కళ్లు మూసుకున్నారు. ఫోన్లో తేదీ చూసి ఆ కబురేదో పోల్చుకున్నాను. "నాన్న ఈమధ్య నాతో సరిగ్గా మాట్లాడట్లేదండీ. వెళ్లిపోతానని కాబోలు. చెరువు గట్టుమీదే కూర్చుంటున్నారు. నిన్న నేనే పీతలకూర వండి గట్టుమీదికి పట్టుకెళ్లాను. బాగుందని కూడా అనలేదు, మొత్తం తినేశారు. ఆయన్ని వదిలి ఎలా ఉండాలో తెలీట్లేదు నాకు." చివర్లో గొంతు సవరించుకుంటుంది. అది నవ్వాపుకోవడానికి కాదు.

మామగారి పెదాలు కదిలాయి, నవ్వారో మరేమో. "ఊఁ" అన్నారు ఎవరితోనో. మేనమామ కుర్చీ ముందుకి జరుపుకుని, "బావా, నీ మెడకేమైంది?" అన్నాడు. ఆయన ఆగమన్నట్టు చెయ్యి ఊపారు. కళ్లు తెరవకుండానే నాతో, "ఇంకోటి పెట్టు బాబూ" అన్నారు.

అన్నం వేళ దాకా అలా పెడుతూనే ఉన్నాను. నాయనమ్మ ప్రస్తావన ఎవరూ తేలేదు. శ్రావణంలో పెళ్లయింది. అప్పగింతలయ్యాక మామగారు నన్ను పక్కకి పిలిచి, "ఆ తీగముక్క నాకిచ్చేయకూడదూ? నీకింక దేనికయ్యా, మనిషే వస్తోందిగా" అన్నారు. ఇచ్చేశాను. కబుర్లన్నీ ఆయన ఫోన్లోకి పంపాను. నా ఫోన్ తర్వాత మంగినపూడి బీచ్‌లో అల పట్టుకెళ్లిపోయింది, అవి ఇప్పుడు ఆయన దగ్గరే ఉన్నాయి.

మొన్నీమధ్య నాగాయలంక వెళ్లినప్పుడు, ఆ తీగ పూర్తిగా తెగిపోయిందంటే ఆయనకి కొత్తవి, మంచివి, కొనిపట్టుకెళ్లాను. సాయంత్రం చెరువు గట్టుమీద చూద్దును గదా, కొత్తవాటితోనే మెడ ఎడమకి వాల్చుకుని కూర్చుని ఉన్నారు. "వీటికి మెడ వంచక్కర్లేదు మావయ్యగారూ" అన్నాను. "తెలుసయ్యా. వంచకపోతే అమ్మాయి మాట్లాడుతున్నట్టుండదు" అంటూ రెండోది తీసి నాకిచ్చారు. పక్కనే కూర్చుని పెట్టుకున్నాను. మేక హోంవర్కు తినేసిన కబురు వస్తోంది. ఆ మాటలు చెప్పిన మనిషి కాఫీ గ్లాసులతో గట్టుమీద మావైపే వస్తోంది, రోజూ నాతోనే ఉంటోంది. అయినా చెవిలో ఉన్న ఆ పిల్ల కోసం, రైలు కిటికీ పక్కన ఆమె గొంతు కోసం ఎదురుచూసిన ఆ కుర్రాడి కోసం నేనూ మెడ ఎడమకి వాల్చాను.

"ఏంటి, ఇద్దరికీ మెడలు పట్టేశాయా?" అంది మా ఆవిడ, మాట మధ్యలో గొంతు సవరించుకుంటూ.