మావయ్య బోటుకి ఎంత ఇంజను కావాలి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక వేసవంతా బోటు ఇంజను గురించి గొడవ నడిచింది. మంచినీళ్ల కోసం బకెట్లు పట్టుకుని నిలబడే ఢిల్లీ జనక్‌పురిలో బోటేమిటని మా మనవలు ఇప్పుడు నవ్వుతారు. నవ్వుకోనీ. ఆ బోటు మా ఫ్లాట్ల వెనక ఖాళీ స్థలంలోనే తయారైంది. దాని ప్లైవుడ్ పొట్టు నా జడల్లో చిక్కుకుంటే దులపలేక మా అమ్మ విసుక్కునేది.

మా అమ్మ నర్సు. కోస్తా నుంచి ఉద్యోగానికి ఢిల్లీ వచ్చిన మనిషి. వారమంతా ఆసుపత్రిలో పనిచేసి, శనివారం మా చర్చివాళ్ల తరఫున యమున అవతల ఒడ్డుకి మందులు తీసుకెళ్లేది. అక్కడ మెరక మీద కూరగాయలు పండించుకునేవాళ్ల గుడిసెలుండేవి. వానలు మొదలైతే వాళ్ల బాట మునిగిపోయేది. అద్దె పడవ దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. ఒక ఏడాది అలా పడవ దొరకని వారంలోనే అక్కడ ఒక బాలింత చనిపోయింది. అమ్మ ఆ సంగతి ఒక్కసారే చెప్పింది, అదీ అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా. ఆ తరవాత ఆమెకి సొంత బోటు కావాలనిపించింది. అమ్మకి ఏదైనా కావాలనిపిస్తే మా ఇంట్లో దానికి తిరుగుండేది కాదు.

బోటు కట్టినవాడు అమ్మ తమ్ముడు, మా మావయ్య. జియా సరాయ్‌లో గది అద్దెకి తీసుకుని, పక్కనున్న ఇంజనీరింగ్ కాలేజీలో పెద్ద చదువు చదివేవాడు. వాళ్ల ఊళ్లో కాలవ మీద సరుకుల పడవ ఉండేదట. గాలి లేనప్పుడు గట్టు మీద నడుస్తూ మనుషులే ఆ పడవని తాడుతో లాగేవారట. ఆ పడవ మీదే పెరిగినవాడు కాబట్టి నీళ్ల గురించి తనకి తెలియనిది లేదని మావయ్య నమ్మకం. ఆ నమ్మకం అతని నడకలో కూడా కనిపించేది. అతను కట్టిన బోటుకి తెరచాప ఉంది, వెనక చెక్కకి బయటినుంచి ఇంజను తగిలించే వీలూ ఉంది. గాలి ఉన్నప్పుడు చాప, లేనప్పుడు ఇంజను.

ఆ ఇంజను ఎంతది ఉండాలన్నదే గొడవ. పాత సామాన్ల బజారులో నాలుగు హార్స్‌పవర్‌ది ఒకటి మావయ్య చూసుకున్నాడు. అది చాలన్నాడు. మోటారు విడిభాగాల వ్యాపారం చేసే పక్కింటి అంకుల్ తన దగ్గర పాతిక హార్స్‌పవర్‌ది ఉందన్నాడు. “బడా లే లో భాయ్‌సాబ్, తాకత్ కభీ జ్యాదా నహీ హోతీ!” అని మా నాన్న వీపు తట్టాడు. బలం ఎప్పుడూ ఎక్కువైపోదన్న ఆ మాట నాన్నకి బాగా నచ్చింది. నాన్న గుమాస్తా, ఈత రాదు. గ్యాసు కట్టేశామో లేదో చూడటానికి బస్టాపు నుంచి వెనక్కొచ్చే మనిషి. తన భార్య ఎక్కే బోటుకి ఉన్నవాటిలోకెల్లా పెద్ద ఇంజను కావాలని ఆయన పట్టు. మావయ్య పకపకా నవ్వేవాడు. నాన్న కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. అమ్మ ఇద్దరితోనూ మాట్లాడటం మానేసేది. ఆ వేసవి మా ఇంట్లో ఎండ కంటే ఆ ముభావమే ఎక్కువ బాధపెట్టింది.

చివరికి మావయ్య అందరినీ యమున ఒడ్డుకి తీసుకెళ్లాడు. వానలు ఇంకా రాలేదు. నీళ్లు కదలకుండా పడి ఉన్నాయి. బోటులో ఇసుక బస్తాలు నింపి, ముందువైపు ఒక తాడు కట్టి, దాని కొస నా చేతికిచ్చి లాగమన్నాడు. నేను నమ్మలేదు. కాలు తన్నిపెట్టి లాగితే బోటు మొదట కదల్లేదు. తరవాత బద్ధకంగా నా వెంట రావడం మొదలుపెట్టింది. అంత బరువు నా వెనక నడిచి వస్తుంటే నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. ఆ తరవాత ఒడ్డున ఉన్న నలుగురు పెద్దవాళ్లని పిలిచి అదే తాడు పట్టుకుని పరిగెత్తమన్నాడు. వాళ్లు రొప్పుతూ లాగారు. బోటు మూతి పైకి లేచింది, వెనక భాగం కిందికి దిగింది, నీళ్లు చెల్లాచెదురయ్యాయి. వేగం మాత్రం ఏమంత పెరగలేదు.

“చూశావా బావా? ఇది పరిగెత్తే బోటు కాదు, నడిచే బోటు. పిల్ల లాగితే వచ్చేదానికి పాతిక గుర్రాలెందుకు? పైగా అంత బరువు వెనక తగిలిస్తే వెనక చెక్క నీళ్లలో కూర్చుంటుంది.”

అందరూ చప్పట్లు కొట్టారు. పక్కింటి అంకుల్ కూడా కొట్టాడు. నాన్న ఒక్కడే నీళ్లకేసి చూస్తూ, “ఇవాళ నీళ్లు ఊరుకున్నాయి కదా” అన్నాడు. అది పక్కనున్న నాకు తప్ప ఎవరికీ వినిపించలేదు. వినిపించినా మావయ్య పట్టించుకునేవాడు కాదు. నాలుగు హార్స్‌పవర్ ఇంజనే వచ్చింది.

వానలు పడ్డాక మొదట్లో అంతా బాగానే నడిచింది. శనివారం పొద్దున్నే అమ్మా మావయ్యా వెళ్లేవారు, సాయంత్రానికి వచ్చేవారు. నాన్న సగం పూట ఆఫీసు ముగించుకుని, నన్ను వెంటబెట్టుకుని రెండు బస్సులు మారి ఒడ్డుకి చేరేవాడు. బోటు రేవులో ఆగేదాకా ఆయన కూర్చునేవాడు కాదు.

ఆ శనివారం మేం వెళ్లేసరికి యమున రంగు మారిపోయి ఉంది. ఎగువన ఎక్కడో నీళ్లు వదిలారని ఒడ్డున కూరగాయలవాళ్లు చెప్పుకుంటున్నారు. చెట్టుకొమ్మలు మా ముందునుంచి గబగబా కొట్టుకుపోతున్నాయి. గుడిసెలు మా రేవుకి కొంచెం దిగువన, అవతలి ఒడ్డున ఉంటాయి. అంటే పోయేటప్పుడు నీటివాలు, వచ్చేటప్పుడు ఎదురు. ఇంకా దిగువన ఓఖ్లా ఆనకట్ట ఉంది. గేట్ల దగ్గర నీళ్లు పడే చప్పుడు ఆ రోజు మా దాకా వినిపించింది.

బోటు అవతలి ఒడ్డు వదలడం నేనే ముందు చూశాను. ఎగిరి గంతేశాను. అందులో అమ్మ, మావయ్యే కాకుండా ఇంకో ఇద్దరు ఆడవాళ్లున్నారు. నెలలు నిండిన పిల్లనీ, ఆమె అత్తనీ ఆసుపత్రికి తెస్తున్నారని తరవాత తెలిసింది. నది మధ్యకి వచ్చేసరికి గాలి పూర్తిగా పడిపోయింది. తడిసిన చాప కొయ్యకి అంటుకుపోయింది. ఇంజను గొంతు చించుకుని అరుస్తోంది.

అవతల ఒడ్డున ఇటుకబట్టీ గొట్టం ఒకటి ఉంది. బోటు ఎగువకి వస్తుంటే చాప కొయ్య ఆ గొట్టాన్ని దాటుకుని ముందుకి రావాలి. నేను చూస్తూ నిలబడ్డాను. కొయ్య గొట్టం ముందే ఉండిపోయింది. ఎంతసేపు చూసినా అక్కడే ఉంది. ఆ తరవాత మెల్లగా, ఎవరో పక్కకి జరిపినట్టు, అది ఆనకట్టవైపు జరగడం మొదలుపెట్టింది.

“నాన్నా, అమ్మ వెనక్కి పోతోంది” అన్నాను.

నాన్నకి అప్పటికే తెలుసు. ఆయన చేతిలో ఉన్న నా చెయ్యి నొప్పి పుట్టింది గాని నేను విడిపించుకోలేదు. నాకు అంత భయం అంతకుముందెప్పుడూ తెలియదు.

మావయ్య అప్పుడు ఎదురీదడం మానేశాడు. బోటు మూతిని మా ఒడ్డువైపు ఏటవాలుగా తిప్పాడు. దిగువకి ఎంత కొట్టుకుపోతే అంత పోనిచ్చి, ఉన్న బలాన్నంతా ఒడ్డుకి చేరడానికే వాడాడు. నాన్న నా చెయ్యి వదిలేసి ఒడ్డు వెంబడి పరిగెత్తాడు. బురదలో చెప్పులు ఊడిపోయాయి. నేనూ, కూరగాయలవాళ్లూ వెనకాల పడ్డాం. ఆనకట్ట చప్పుడు పెరుగుతోంది. అమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని, బోటు ముందు మోకాళ్ల మీద నిలబడి తాడు విసిరింది. అందలేదు. గబగబా చుట్టుకుని మళ్లీ విసిరింది. ఈత రాని మా నాన్న ఒక్క క్షణం కూడా ఆగలేదు. నడుముదాకా నీళ్లలోకి దిగి ఆ తాడు అందుకున్నాడు.

“పకడో, పకడో!” అని కేకలేస్తూ కూరగాయలవాళ్లు ఆయన నడుం పట్టుకుని వెనక్కి లాగారు. తాడు బిగుసుకుంది. వేసవిలో నా వెనక బద్ధకంగా నడిచిన ఆ బోటునే ఈసారి అంతమందిమి పళ్లు బిగపట్టి లాగితే, ఇంజను కూడా తన శక్తంతా పెడితే, అంగుళం అంగుళం చొప్పున ఎగువకి వచ్చింది. రేవుకి చేరాక అమ్మ ముందు ఆ నెలలు నిండిన పిల్లని దింపి, రిక్షా మాట్లాడి, అప్పుడు నాన్న అరచేతుల్లో తాడు కోసిన గాట్లు చూసింది. తన కొంగుతోనే కట్టు కట్టింది. ఆ పిల్లకి మర్నాడు ఆసుపత్రిలో కాన్పయింది, తల్లీబిడ్డా క్షేమం.

ఆ సాయంత్రం ఇంట్లో నాన్న అరుస్తాడనుకున్నాను. మావయ్యని గుమ్మంలోంచే పంపించేస్తాడనుకున్నాను. నాన్న స్టవ్ వెలిగించి టీ పెట్టాడు. మావయ్య గ్లాసు ముట్టుకోలేదు. నేల మీద కూర్చుని అందరి ముందూ చెప్పాడు.

“తప్పు నాదే బావా. కాలవలో పెరిగినవాణ్ణి, నీళ్లు ఎప్పుడూ ఊరుకునే ఉంటాయనుకున్నాను. పోయే బరువుకి లెక్కేశాను, వచ్చే బరువుకి వెయ్యలేదు. గాలిని కూడా ఒక ఇంజనుగా లెక్కేసుకున్నాను.”

“ముందు టీ తాగరా” అన్నాడు నాన్న.

“తాగుతాను గానీ, నీకేమేం భయాలున్నాయో అన్నీ చెప్పు. ఒక్కటీ దాచుకోకు.”

నాన్న సిగ్గుపడ్డాడు. అంతకుముందు ఆయన భయాల గురించి ఎవరైనా అడిగారంటే ఆటపట్టించడానికే. తరవాత ఒక్కొక్కటే బయటపెట్టాడు. గాలి ఆగిపోతే? పేషెంట్లు ఇద్దరుంటే? ఎగువన నీళ్లు వదిలితే? ఇంజను నది మధ్యలో ఆగిపోతే? తాడు అందకపోతే? ప్రతిదానికీ మావయ్య తలూపుతూ వేళ్ల మీద లెక్క కట్టుకున్నాడు. మావయ్య అంత శ్రద్ధగా పాఠం వినడం నేను ఇంకెప్పుడూ చూడలేదు. కొన్నాళ్లకి బోటుకి పది హార్స్‌పవర్ ఇంజను వచ్చింది. వేగానికి కాక బరువు లాగడానికి పనికొచ్చే వెడల్పాటి రెక్కల పంకా దానికి వేయించాడు. పాతికది ఎందుకు వద్దో నాన్నకి ఈసారి నవ్వకుండా చెప్పాడు, నాన్న ఒప్పుకున్నాడు. తెడ్లు రెండు, పొడుగాటి తాడు ఒకటి బోటులోకి చేరాయి.

అప్పుడు మావయ్య ఇంకో పని చేశాడు. రేవు రాతి మీద ఎర్ర రంగుతో గీత గీశాడు. నీళ్లు ఆ గీత దాటితే ఏ ఇంజనూ చాలదు, ఆ రోజు బోటు కదలకూడదు. గీత దాటిందో లేదో చెప్పే అధికారం తనది కాదు, అమ్మది కాదు, నాన్నది అన్నాడు. అందుకని వానాకాలం శనివారాల్లో నాన్న ఆఫీసుకి వెళ్లేముందే రేవుకి వచ్చేవాడు. ఎవరి మాటా వినని మా అమ్మ ఆ ఒక్క విషయంలో నాన్న మాట వినేది. నాన్న వద్దన్న రోజున మందులపెట్టె పక్కన పెట్టుకుని ఒడ్డున కూర్చునేది. మొహం గంటు పెట్టుకునే కూర్చునేది, అది వేరే సంగతి.

నేనూ నర్సునే అయ్యాను. చాలామంది కుర్ర నర్సులకి పని నేర్పాను. కొత్తగా వచ్చిన పిల్ల “నాకు భయంగా ఉంది సిస్టర్” అంటే పక్కనున్నవాళ్లు భుజం తట్టి, ఏం ఫరవాలేదు పో అని పంపించేస్తారు. నేను పంపించను. కుర్చీ లాగి కూర్చోబెడతాను. దేనికి భయమో ఒక్కొక్కటే చెప్పమంటాను, చెప్పిందల్లా వింటాను. తొందరలో ఉన్న డాక్టర్లు నన్ను చూసి విసుక్కునేవారు. విసుక్కోనీ. మా అమ్మ తల నెరిసేదాకా ఆ నది దాటి వెళ్లింది, వెళ్లిన ప్రతిసారీ ఇంటికి తిరిగి వచ్చింది.