నడి కోర్టులో నలభై నిమిషాలు

కంచరపాలెంలో తెల్లవారుజామున బయలుదేరి, పద్మనాభం దాకా ఎక్కడా ఆగకుండా పరుగెత్తి, మా పొలం గట్టు మీద కాలు మోపి, మళ్లీ అదే పరుగున వెనక్కి వచ్చి, మా అమ్మ కలిపిన కాఫీ చల్లారకముందే తాగిన మొనగాణ్ణి నేను. డెబ్బైల చివర విశాఖపట్నంలో అంత ఊపిరి ఇంకొకడికి ఉండేదంటే ఒప్పుకోను. అయితే ఆ ఊపిరే నా పెళ్లిని ఊదేయబోయింది. ఆ ప్రళయం ఎలా వచ్చిందో చెబుతాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఆ రోజు హార్బరు హార్బరంతా నవ్వింది, మీరు కొత్తగా కలిస్తే నాకు పోయేదేముంది!

నాకప్పుడు హార్బరు పక్కన ఒక ఆఫీసులో టెంపరరీ ఖలాసీ పని. బాస్కెట్‌బాల్ జట్టులో చోటు దొరికితే ఉద్యోగం పర్మినెంటు చేస్తామన్నారు. మా అప్పలనాయుడు బావ అలాగే పర్మినెంటయ్యాడు. వాడి చెల్లెలు పైడితల్లి మీద నాకు మనసు. వాళ్ల నాన్న, అంటే మా మేనమామ, ఒకటే మాట మీద కూర్చున్నాడు.

"ఒరే అల్లుడూ, ఉజ్జోగం పర్మినెంటయితేనే పిల్ల. నేదంటే పిల్లా నేదు, పప్పన్నమూ నేదు."

కాబట్టి నేను ఆడబోయేది ఆట కాదు, నా పెళ్లిచూపులే.

జట్టును తయారుచేసే మాస్టారిది గోదావరి జిల్లా. ఆరు వారాలు గడువిచ్చి, నన్నూ నా పొడుగునూ ఎగాదిగా చూసి అన్నారు:

"చూడవయ్యా, వారంలో మూడు రోజులు దూరం, మూడు రోజులు జోరు. దూరం పరుగు ఊపిరి నిలబడ్డానికి. జోరు పరుగు బంతి అందడానికండీ బాబూ! రెండూ సమానంగా చెయ్యాలి. ఒకటి మింగేసి ఇంకోటి ఉమ్మేశావో, మునిగిపోతావు."

జోరు పరుగంటే ఏమిటో తెలుసా? కోర్టు చివర నుంచి గుండె పగిలేలా ఉరికి, వంగి గీతను ముట్టుకుని, వెనక్కి ఉరికి, మళ్లీ వంగి ఇంకో గీతను ముట్టుకోవడం. ఇలా ఇరవైసార్లు. రెండో రోజుకే నాకు ఒళ్లు మండింది. వంగి వంగి వరినాట్లు వేయడం ఇష్టం లేకే కదా పద్మనాభం వదిలి పట్నం వచ్చాను! ఇక్కడా అదే వంగుడా, అదీ ఒక్క గింజ పండని సిమెంటు నేల మీద!

"బావా, నాను దూరమే పరిగెడతాను. బిందెడు నీళ్లు మోసేవోడు సెంబుడు మొయ్యలేడేటి? ఐదు మైళ్లు పోయేవోడికి ఐదు గజాలు ఓ లెక్కా?" అన్నాను.

"సెంబుతో పోయేది నీ పని బావా," అన్నాడు అప్పలనాయుడు. "సారు సెప్పినట్టు సెయ్యి."

వింటానా? రోజూ దూరమే. రైలు పట్టాల పక్కన ఒకే తూకం అడుగు, ఒకే తూకం ఊపిరి, గూడ్సు బండిలాగా. ఆ మహత్తర పద్మనాభం యాత్ర కూడా అప్పటిదే. సరే, దాచడమెందుకు, వెళ్లింది బస్సులో. ఊరికి అర మైలు ఇవతల దిగి, బోరింగు దగ్గర చొక్కా తడుపుకుని, అక్కణ్నుంచి పరుగెత్తాను. వచ్చిందీ బస్సులోనే. కాఫీ మాత్రం నిజం. అయితే అది చల్లారిపోయింది.

పరీక్ష ఆట రోజు వచ్చింది. మామయ్య ఇస్త్రీ పంచె కట్టుకుని, కోర్టు పక్కన జనం కూర్చునే మెట్లలో మొదటి మెట్టు మీద కూర్చున్నాడు. ఈల మోగింది. బంతి అటు వెళ్లింది, నేనూ అటు బయలుదేరాను. నడి గీత చేరేసరికి బంతి ఇటు వచ్చేసింది. నేను ఇటు తిరిగాను. నాలుగడుగులు వేశానో లేదో, మళ్లీ అటు. పది నిమిషాలకు నాకర్థమైందేమిటంటే, నేను ఆట మొదలైన దగ్గర్నుంచీ నడి కోర్టు దాటలేదు.

మెట్ల మీద మాటలు వినిపిస్తున్నాయి.

"ఒరే, ఆ నడిమిన తిరగతన్నోడు రిఫరీయేట్రా?"

"రిఫరీ అయితే ఈలేదిరా?"

"ఇంటికాడ మర్సిపోనాడేమో!"

అంతటితో పోయిందా? ఎదుటి జట్టువాడొకడు నా దగ్గరికొచ్చి, "సార్, వాళ్లు నా చొక్కా పట్టుకు లాగుతున్నారు, మీరు చూడట్లేదు," అని ఫిర్యాదు చేశాడు. నేనేమన్నానో తెలుసా? "చూస్తాను," అన్నాను.

అప్పలనాయుడు పక్కనుంచి మెరుపులా పోతూ అరిచాడు: "ఏటి బావా సేత్తన్నావ్?"

"ఊపిరి దాస్తన్నాను బావా!"

"దేనికి? ఆటయ్యాక ఇంటికి నడిసెళ్లడానికా?"

చివర్లో దేవుడు నావైపు చూశాడు. అప్పలనాయుడు విసిరిన బంతి సరిగ్గా నా చేతుల్లో పడింది. నా ముందు ఒక్క పురుగు లేదు. బుట్ట పది అంగల దూరం. నేలకు బంతి కొట్టుకుంటూ బయలుదేరాను, కాశీకి బయలుదేరినట్టు. అవతలి చివర ఒకడు బూటు తాడు కట్టుకుంటున్నాడు. వాడు ముడి బిగించాడు, లేచాడు, నిక్కరు దులుపుకున్నాడు, వచ్చి నా చేతి కింద బంతిని తీసుకుని వెళ్లిపోయాడు. "థాంక్స్" అన్నాడని కూడా నాకు గుర్తు.

ఆట ముగిసింది. అందరూ కుక్కల్లా రొప్పుతున్నారు, నాకు చెమటచుక్క లేదు. మాస్టారు నా భుజం మీద చెయ్యి వేశారు.

"నువ్వు ఇంకో నలభై నిమిషాలు ఆడగలవయ్యా, సందేహం లేదు. కానీ మొదటి నలభై ఆడలేదు కదా!"

జట్టులో చోటు పోయింది. మామయ్య పంచె దులుపుకుని, నా మొహం చూడకుండా వెళ్లిపోయాడు. పర్మినెంటు మరో రెండేళ్లకు, వరుసలో నిలబడ్డ అందరితోపాటు వచ్చింది. వింతేమిటంటే, ఆ ఆట అయిన వారం తిరగకుండానే మామయ్య ముహూర్తం పెట్టించాడు! నలభై నిమిషాలు ఆయాసం లేకుండా తిరిగిన నా ఊపిరి చూసి, ఇలాంటివాడు నూరేళ్లు బతుకుతాడు, పిల్లకు లోటుండదని ఆయన లోలోపల మెచ్చుకుని ఉండాలి.

ఏదేమైనా, సముద్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: దూరాన్ని చూసుకుని జోరును ఇక ఎన్నడూ చిన్నచూపు చూడను. ఈ వయసులో పాల ప్యాకెట్టుకు వెళ్లినా సగం దారి నడిచి, సగం దారి ఉరుకుతాను.

ఇంతవరకూ రాసి, చిక్కుడుకాయలు తుంచుతున్న పైడితల్లికి చదివి వినిపించాను. ఆవిడ తల ఎత్తలేదు.

"మా నాన్న మెచ్చుకోడమేటి బావా? ఇంటికొచ్చి ‘ఆ నత్తగుల్లకి పిల్లనివ్వను’ అన్నాడు. నానే ఒప్పించినాను. ‘రేపు నిన్నొగ్గేసి పారిపోతే ఏటి సేత్తావే?’ అన్నాడు. ‘పారిపోతే పోనీ నాన్నా, అన్నియ్య రెండంగల్లో పట్టుకొచ్చేత్తాడు’ అన్నాను. అప్పుడు పెట్టించినాడు మూర్తం."