చాలంటే ఆగిపోయే గరిటె

ఈ మహానగరంలో కొత్తగా దిగిన తెలుగువాడు మొదట వెతుక్కునేది తల దాచుకోవడానికి ఓ గది. ఆ తర్వాత, జేబుకు చిల్లు పడకుండా కడుపు నిండే చోటు. గదికైతే ఏజెంట్లున్నారు. తిండికి మా బాబాయి ఉన్నాడు.

బాబాయి సిటీ బస్సు నడుపుతాడు. మా నాన్నకు స్వయానా తమ్ముడు. ఇక్కడున్న తెలుగువాళ్ళంతా, ఆయనకంటే పెద్దవాళ్ళతో సహా, ఆయన్ని మెతుకు బాబాయి అంటారు. ఏ హోటల్లో కూర్చున్నా ఆయన ముందు కూర జోలికి పోడు. పళ్ళెంలోంచి ఒక్క మెతుకు తీసి రెండు వేళ్ళ మధ్య నలుపుతాడు. అది ఇందాక వండిందో, నిన్న మిగిలితే వేడి చేసిందో ఆ నలపడంలోనే తేలిపోతుంది. నిన్నటిదైతే ఆయన మొహం చూడాలి, పెళ్ళిచూపుల్లో పిల్లాడు నచ్చని అత్తగారి మొహంలా ఉంటుంది.

ఇరవై రెండేళ్ళుగా తిరిగి తిరిగి ఆయన కొన్ని సూత్రాలు కనిపెట్టాడు. బయట బోర్డు ఎంత పెద్దదైతే లోపల గిన్నె అంత చిన్నది. మెనూ పుస్తకం మరీ లావుగా ఉంటే లేచి వచ్చెయ్యాలి. మన టాక్సీ డ్రైవర్లు తినే చోట కళ్ళు మూసుకుని తినొచ్చు. ఇక ధర విషయానికొస్తే, అరగంట జీతం మింగే భోజనం భోజనం కాదు, జరిమానా.

మా ఆయనకు ప్రమోషన్ వచ్చినప్పుడు ఊరి మధ్యలో గాజు దీపాలు వేలాడే హోటలుకి ఆయన్ని తీసుకెళ్ళాం. మూడు కూరలు మూడు గిన్నెల్లో వచ్చాయి. బాబాయి మూడూ నాలిక మీద వేసుకుని, సర్వరు మనవాడేనని పసిగట్టి, "బాబూ, ఈ ముగ్గురూ ఒక తల్లి పిల్లలేనా?" అని అడిగాడు. ఆ అబ్బాయి అటూ ఇటూ చూసి, "అవునండీ, పైన చల్లేదే వేరు" అని ఒప్పేసుకున్నాడు. మా ఆయనకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నేనైతే నవ్వలేక చచ్చాను.

ఆయన తీర్పులన్నీ ఎనిమిది వందలమంది తెలుగువాళ్ళున్న ఫోను గ్రూపులోకి వెళ్తాయి. స్టీరింగుకి అలవాటైన ఆ వేళ్ళకు ఫోనులో చిన్న చిన్న అక్షరాలు దొరకవు. అందుకని ఆదివారం మా ఇంటికి వచ్చి, సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఆయన చెబుతాడు, నేను కొడతాను. "డెబ్భై రెండో నంబరు బస్సెక్కండి. పెట్రోలు బంకు దాటాక మూడో స్టాపు, చెప్పుల కొట్టు పక్కన. లైట్లు బాగోవు, పప్పు బాగుంటుంది." ఇలా ఉంటాయి. ఆయన మాట మీద జనం గంటసేపు ప్రయాణం చేసి మరీ వెళ్ళి తింటారు. ఆయన కాదన్న చోట ఈగలు తోలుకోవాల్సిందే. ఒకసారి అన్న మాట బాబాయి వెనక్కి తీసుకున్నది లేదు, ఆ సంగతి ఆయనే వారానికోసారి గుర్తు చేస్తుంటాడు.

పిన్ని పోయి నాలుగేళ్ళయింది. వాళ్ళకు పిల్లలు లేరు. పిన్ని ఉన్నన్నాళ్ళూ బాబాయికి హోటళ్ళు ఒక సరదా, వారానికో పూట. ఆవిడ పోయాక రోజూ బయటే. వంట రాక కాదు, ఒక్కడికే వండుకుని ఒక్కడే కూర్చుని తినడం ఆయన వల్ల కాలేదు. ఆ మాట ఆయన నోటితో అనడు, "బయట చవకే కదే" అంటాడు.

మా ఇళ్ళలో ఒక తంతు ఉంది. భోజనానికి కూర్చున్నవాళ్ళు సగం కడుపుకే చాలు, చాలు అనాలి. అది మర్యాద. వడ్డించేవాళ్ళు ఆ మాట చెవిన పెట్టకూడదు. అది ఇంకా పెద్ద మర్యాద. బాబాయి ఈ విద్యలో ఆరితేరినవాడు. పళ్ళెం మీద అరచెయ్యి అడ్డం పెట్టి "చాలే, చాలు" అనేవాడు, వేళ్ళు మాత్రం ఎడంగా పెట్టేవాడు. పిన్ని ఆ వేలి సందుల్లోంచే గరిటెడు పప్పు జారవిడిచేది. "వద్దంటుంటే వినవు కదా" అని విసుక్కుంటూ, వేళ్ళకంటిన పప్పుతో సహా ఆయన తినేసేవాడు. ముప్పై ఏళ్ళు రెండు పూటలా ఇదే ఆట. నేను చదువుకోసం వచ్చి వాళ్ళింట్లో ఉన్న రెండేళ్ళూ చూశాను.

సరే, అసలు సంగతికొస్తాను. ఓ ఆదివారం బాబాయి వచ్చీరాగానే చెప్పులు విసిరేసినట్టు విడిచి, "రాయవే" అన్నాడు. నేను ఫోను తీశాను.

"కొత్త మెస్సు. నలభై ఆరో నంబరు బస్సు, ఆఖరి స్టాపు, లాండ్రీ వెనక. రేటు ఫరవాలేదు. కాని చెయ్యి బిగబట్టి వడ్డిస్తారు. ఆకలితో వెళ్ళినవాడు ఆకలితోనే వస్తాడు."

"వంటెలా ఉంది బాబాయ్?" అన్నాను.

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "బాగుంది. పప్పు అచ్చం మీ పిన్ని చేసినట్టే ఉంది."

"మరి అది రాయొద్దా?"

"అక్కర్లేదు. నొక్కు."

నొక్కాను. పప్పు అంత బాగుంటే ఈయనకు ఇంత మంట ఎందుకని నాకు తట్టలేదు. నా తప్పు అక్కడుంది.

రెండు నెలల తర్వాత నేను పనిచేసే మందుల షాపువాళ్ళు, నలభై ఆరో నంబరు బస్సు ఆఖరి స్టాపు దగ్గరున్న బ్రాంచిలో మనిషి తక్కువైందని నన్ను వారం రోజులు అక్కడికి పంపారు. మొదటిరోజు వాన. టిఫిను డబ్బా ఇంట్లోనే మర్చిపోయాను. లాండ్రీ పక్క సందులోంచి ఇంగువ వాసన వస్తుంటే కాళ్ళు అటే లాక్కెళ్ళాయి.

ఎనిమిది బల్లలు. ఆరు ఖాళీ. గాజు తలుపుకి లోపలివైపు ఓ కాగితం అంటించి ఉంది, నెలాఖరుకి మూసేస్తున్నామని. వంటావిడే వడ్డిస్తోంది. యాభై దాటిన మనిషి, చీర కొంగు నడుముకి బిగించి, జుట్టుకి వలటోపీ పెట్టుకుంది. ఆవిడ భర్త లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

పప్పు నోట్లో పెట్టుకోగానే నాకు పిన్ని వంటగది గుర్తొచ్చింది. ఆ పోపు, ఆ పులుపు, అంతా అదే. రెండో గరిటె వెయ్యబోతుంటే అలవాటు చొప్పున "చాలండీ" అన్నాను. ఆవిడ టక్కున ఆపేసి, గిన్నె పట్టుకుని వెళ్ళిపోయింది. నా ఆకలి సగం కూడా తీరలేదు. మళ్ళీ పిలవడానికి మొహమాటం. బాబాయి మంట ఏమిటో అప్పుడు నాకు అర్థమైంది, ఆకలి మీద అర్థమైంది కాబట్టి బాగానే అర్థమైంది.

చేతులు కడుక్కుని, "ఎందుకు మూసేస్తున్నారండీ?" అని అడిగాను.

"జనం రావట్లేదమ్మా. మొదటి వారం బల్లలు చాల్లేదు. తర్వాత ఎవరో పెద్దాయన ఫోన్లో రాశాడట, మేం చెయ్యి బిగబడతామని. ఆయన మాటంటే అందరికీ గురి అట." ఆవిడ గొంతులో కోపం లేదు, అదే నన్ను పొడిచింది. "ఇద్దరం దాచుకున్నదంతా ఇందులోనే పెట్టాం. నేను గుండెల మీద చెయ్యేసుకుని చెబుతున్నాను, అడిగినవాళ్ళకి లేదనలేదు. చాలన్నవాళ్ళకి ఆపాను. అది తప్పా?"

"మనవాళ్ళు ఊరికే అంటారు కదండీ, చాలని" అన్నాను నసుగుతూ.

ఆవిడ కుర్చీలో కూర్చుంది. "తెలుసమ్మా, నేనూ అక్కడే పుట్టాను. కాని పధ్నాలుగేళ్ళు ఇక్కడ ఆసుపత్రి వంటింట్లో పనిచేశాను. రోగులకి నేనే స్వయంగా పెట్టేదాన్ని. కొత్తలో ఒక ముసలావిడ చాలంటుంటే మన పద్ధతిలో, ఇంకొక్క ముద్ద అని పెట్టాను. నా మొహం చూసి కాదనలేక తింది. పొలమారి ఊపిరాడకపోతే నర్సులు పరిగెత్తుకొచ్చారు. బతికింది లెండి. ఆ రోజు నుంచి ఎవరైనా చాలంటే నా చెయ్యి ఆగిపోతుంది. నేను ఆపేది కాదు, అదే ఆగిపోతుంది."

ఆ గ్రూపులో అది రాసిన వేళ్ళు నావేనని చెప్పడానికి నోరు రాలేదు. డబ్బిచ్చి, తల వంచుకుని బయటపడ్డాను.

సాయంత్రం డిపో గేటు దగ్గర బాబాయిని పట్టుకున్నాను. విషయమంతా చెప్పాను. ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకుని విన్నాడు. చివరికి, "అయితే ఏమంటావు? ఇరవై రెండేళ్ళలో ఒక్క మాటైనా వెనక్కి తీసుకున్నానా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఆ రోజు నువ్వు చాలన్నావా, లేదా?"

"అన్నాను. ఎవరైనా అంటారు."

"మరి నీ కడుపులో ఆకలుందని ఆవిడకెలా తెలుస్తుంది బాబాయ్?"

"మీ పిన్నికి తెలిసేది!"

ఆ మాట గట్టిగానే వచ్చింది. గేటు దగ్గర నిలబడ్డ ఇద్దరు డ్రైవర్లు భాష తెలియకపోయినా ఇటు తిరిగారు. బాబాయి టోపీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. నా కోపం నీళ్ళుకారిపోయింది. పప్పు పిన్ని చేసినట్టే ఉందట, వడ్డించే చెయ్యి మాత్రం పిన్ని చెయ్యిలా కాక, చాలనగానే ఆగిపోయిందట. పాపం, ఆయనకు ఆ పూట పిన్ని రెండోసారి పోయినట్టయింది. దానికి శిక్ష వేరేవాళ్ళకి వేశాడు. ఆయన మీద జాలీ కలిగింది, ఆయన చేసిన పని మీద కోపమూ పోలేదు.

"శనివారం పోదాం" అన్నాడు బాబాయి.

శనివారం మధ్యాహ్నం మేమిద్దరం వెళ్ళేసరికి ఒక్క బల్ల దగ్గరే మనుషులున్నారు. ఆవిడ నన్ను గుర్తుపట్టి నవ్వింది. బాబాయిని గుర్తుపట్టలేదు, వచ్చిపోయే వందమందిలో ఒకడాయన. పళ్ళాలొచ్చాయి. బాబాయి ఆ రోజు మెతుకు నలిపి చూడలేదు. తల ఎత్తకుండా తిన్నాడు. ఆవిడ రెండోసారి పప్పు తెచ్చింది. బాబాయి చెయ్యి దానంతటదే పళ్ళెం మీదికి వెళ్ళింది, వేళ్ళు ఎడంగా.

"చాలు, చాలు."

గరిటె ఆగింది. ఆవిడ గిన్నెతో వెనక్కి తిరిగింది. బాబాయి ఇంకా అలాగే చెయ్యి అడ్డం పెట్టుకుని, వేలి సందుల్లోంచి కింద ఖాళీ పళ్ళెం చూస్తున్నాడు. నేనే అడగబోయి మానుకున్నాను. ఇది నేను అనాల్సిన మాట కాదు.

"అమ్మా" అన్నాడు బాబాయి. ఆవిడ తిరిగి చూసింది. ఆయన చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇంకొంచెం వెయ్యమ్మా. ఆకలిగా ఉంది."

అరవై రెండేళ్ళ మనిషి. ఆ మాట జన్మలో ఎవరితోనూ అని ఉండడు. ఆవిడ గబగబా వచ్చి రెండు గరిటెలు వేసింది, మీద ఇంత నెయ్యి వేసింది, అన్నం గిన్నె పక్కనే పెట్టింది. ఆయన అది తిని మళ్ళీ అడిగాడు. మూడోసారి కూడా అడిగాడు. తిన్నంతసేపూ ఆవిడ అక్కడే నిలబడింది.

చెయ్యి కడుక్కుని వచ్చి బాబాయి కూర్చోలేదు. "అమ్మా, ఫోన్లో మీ గురించి రాసిన ఆ పెద్దాయన నేనే" అన్నాడు.

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. ఆవిడ భర్త తడి చేతులతో గుమ్మంలోకి వచ్చాడు. తిడితే బాగుండును, పడదాం అనుకున్నాను.

ఆవిడ బాబాయి వంక చూసింది. "అయితే ఆ రోజు మీరు ఆకలితోనే లేచి వెళ్ళిపోయారా?" అంది.

బాబాయి అవునన్నట్టు తలూపాడు. కళ్ళ నిండా నీళ్ళు. జేబురుమాలు కోసం అన్ని జేబులూ వెతికాడు, దొరక్క, చొక్కా చేతితోనే తుడుచుకున్నాడు. తర్వాత నావైపు తిరిగి, "రాయవే" అన్నాడు.

అక్కడే, ఆవిడ ఎదుటే రాశాను. "లాండ్రీ వెనక మెస్సు గురించి రెండు నెలల కింద నేను చెప్పింది తప్పు. వాళ్ళు చెయ్యి బిగబట్టలేదు. నేను ఆకలి దాచుకుని చాలన్నాను. ఆవిడ నా మాట నమ్మింది. పప్పు మా ఆవిడ చేసినట్టే ఉంటుంది. నలభై ఆరో నంబరు బస్సు, ఆఖరి స్టాపు. వెళ్ళండి. ఆకలైతే నోరు తెరిచి అడగండి."

ఆవిడ భర్త మెస్సు అద్దెకిచ్చిన యజమానికి ఫోను చేసి మూడు నెలలు గడువు అడిగాడు. కాగితం తలుపు మీదనుంచి తీశారు. ఆ మూడు నెలలూ గడిచిపోయాయి, ఇప్పుడు శనివారం వెళ్తే బల్ల కోసం గుమ్మంలో నిలబడాలి.

బాబాయి రోజూ అక్కడే తింటాడు. పాత అలవాటు కదా, చెయ్యి ఇంకా పళ్ళెం మీదికి వెళ్తూనే ఉంటుంది. ఆవిడ వెయ్యదు, వెళ్ళిపోదు కూడా. గరిటె పట్టుకుని ఆయన మొహం వంక చూస్తూ నిలబడుతుంది. బాబాయి చెయ్యి తీసేసి, "వెయ్యమ్మా" అంటాడు.